బదులిచ్చే బొమ్మకు ప్రాణముందా?

వస్తువుకు ప్రాణముందో లేదో పిల్లలు కదలికను బట్టి తేల్చుకుంటారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాఁ పియాజే 1920లలో గమనించాడు. మొదట కదిలేదల్లా ప్రాణమున్నదే. కొంత ఎదిగాక, తనంతట తాను కదిలేదే ప్రాణి. సూర్యుడు, గాలి ఆ లెక్కలోనే సజీవమయ్యాయి.

కంప్యూటర్ బొమ్మలు ఈ కొలతను మార్చాయి. అమెరికా పరిశోధకురాలు షెర్రీ టర్కల్ 1984లో వెలువరించిన ‘ది సెకండ్ సెల్ఫ్’ పుస్తకంలో అమెరికా పిల్లల వాదన కదలికను వదిలి మనసు మీదికి మళ్లింది: ఈ ఆటబొమ్మ మోసం చేసిందా, తెలిసే చేసిందా? 1996లో జపాన్‌లో వచ్చిన తమగోచి అనే ఎలక్ట్రానిక్ పెంపుడు బొమ్మ ఇంకా ముందుకు వెళ్లింది. దానికి ఆకలేస్తుంది, పట్టించుకోకపోతే చచ్చిపోతుంది. ఇలాంటివాటితో పెరిగినవారు రేపటి వస్తువులు కూడా తమను గుర్తుపట్టాలని, పిలిస్తే పలకాలని ఆశించడం సహజం.

ఇచ్ఛ, ద్వేషం, ప్రయత్నం, సుఖం, దుఃఖం, జ్ఞానం ఆత్మకు గుర్తులని ప్రాచీన భారతీయ తర్కగ్రంథమైన న్యాయసూత్రాలు చెబుతాయి. పిలిస్తే పలకడం వాటిలో లేదు. పిల్లల విషయంలో పలకడానికీ కోరుకోవడానికీ ఉన్న ఈ తేడాను గట్టిగా పట్టుకోవాలి. మాట్లాడే స్పీకర్ జవాబిస్తుంది గానీ ఇవ్వాలని కోరుకోదు, ఇవ్వలేకపోతే బాధపడదు. అలాగని దాన్ని కసరడం తప్పు కాదనలేం. కసిరే అలవాటు పిల్లల్లో మిగిలిపోతుంది. పిల్లలు ‘ప్లీజ్’ అని అడిగితే మెచ్చుకునే ఏర్పాటును అమెజాన్ 2018లో తన స్పీకర్లలో మాట్లాడే అలెక్సాలో చేర్చింది. అది మంచి పనే. లేని బాధను నటించి పసివాళ్లను కట్టిపడేసే బొమ్మలను మాత్రం ఎవరూ తయారుచేయకూడదు.