నీరు ఎక్కడ పోవుచున్నది?

2016 ఆగస్టు 7న గజ్వేలు దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ ఆరంభమైనది. బోరింగుల యొద్ద బిందెలతో నిలిచిన మన తూప్రాను ప్రాంతమువారికి నల్లా నీటి విలువ తెలియును.

ఇటీవల మా చర్చి తొట్టి రాత్రికి రాత్రే ఖాళీ అగుచుండెను. పొరుగున నున్న ఒక విధవరాలు తీసికొనుచున్నదని అనుమానించి ఆమెను గద్దించితిమి. పిమ్మట నల్లాలన్నియు కట్టి, తొట్టిలో నీటిమట్టమునకు బొగ్గుతో గీత గీసితిమి. తెల్లవారుసరికి మట్టము దిగెను. ఒక్కొక్క వాల్వు మూసి చూడగా, మా ఇంటి గోడలోని గొట్టపు అతుకే కారుచుండెను.

అనుమానము పొరుగింటికి సులువుగా పోవును. తప్పు మన గోడలోనే దాగియుండును. కీర్తన 19:12లో దావీదు తన రహస్య పాపములనుండియే శుద్ధి కోరెను గాని ఇతరుల పాపములను ఎంచలేదు.

అతుకు బిగించుట గంట పని. ఆ తల్లి గడప యెదుట నిలిచి క్షమాపణ అడుగుటకు మాకు మూడు దినములు పట్టెను.