పూచీ

ఇంట్లో సొమ్ము పోతే తెలుగులో "దొంగలు పడ్డారు" అంటాం. ఆ వాక్యంలో కర్త దొంగలు. ఇంటివాళ్లు అందులో ఎక్కడా కనిపించరు. అదే సొమ్మును ఎవడైనా మాటలు చెప్పి కాజేస్తే మాత్రం "ఆవిడ మోసపోయింది" అంటాం. మోసం చేసినవాడు వాక్యంలోంచి మెల్లిగా జారుకుంటాడు. మోసపోవడమనే పనేదో ఆవిడే చేసినట్టు, ఆవిడ ఒక్కతే నిలబడి ఉంటుంది. ముప్పై ఏళ్లు హొసూరు ప్రాంతపు బడుల్లో తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఈ తేడా నా కంటపడింది మాత్రం 2024 వేసవిలో, మా చిన్నత్త సంగతి జరిగాక.

ఆమెకు అప్పటికి 74 ఏళ్లు. మామయ్య పోయాక వచ్చే కుటుంబ పింఛను, బ్యాంకులో 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్, రెండు గదుల ఇల్లు. ఆమె ఆస్తి అంతే. ఒకరోజు పొద్దున ఫోను వచ్చింది. ఆమె పేరుమీద బొంబాయిలో ఒక పార్సెలు పట్టుబడిందనీ, అందులో మత్తుమందులున్నాయనీ అన్నారు. మొదట హిందీలో మాట్లాడారు. ఆమెకు అర్థం కాలేదు. అప్పుడు తెలుగు వచ్చిన "ఆఫీసరు"కు కలిపారు. అతను వాట్సాప్ వీడియోలో పోలీసు దుస్తుల్లో కూర్చుని, మర్యాదగా, "అమ్మా" అని పిలుస్తూ, రెండు రోజులు ఆమెను ఫోను ముందునుంచి కదలనివ్వలేదు. నిద్రపోయేటప్పుడు కూడా ఫోను ఎదురుగా పెట్టుకోమన్నాడట. డబ్బంతా "తనిఖీ" కోసం ఒక ఖాతాకు పంపాలి, తప్పు లేదని తేలితే తిరిగి వస్తుంది. ఎవరికైనా చెబితే వాళ్లనీ కేసులో ఇరికిస్తాం. బ్యాంకులో అడిగితే ఇంటి మరమ్మతుకని చెప్పు. ఇవీ అతని ఆజ్ఞలు. ఆమె బ్యాంకుకు పోయింది, డిపాజిట్టు మురిపించింది, ఆర్‌టీజీఎస్ కాగితం ఎవరిచేతనో నింపించుకుని తెలుగులో సంతకం చేసింది. కాసేపట్లో 6 లక్షలూ పోయాయి.

ఇటువంటి దానికి "డిజిటల్ అరెస్టు" అని పేరు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఏదీ లేదని ఆ ఏడాది అక్టోబరు 27న ప్రధానమంత్రే రేడియోలో దేశానికి చెప్పారు. మా అత్తకు అది కొన్ని నెలలు ఆలస్యం.

మూడోరోజు నాకు తెలిసింది. 1930కి ఫోను చేశాం. సైబర్ పోలీసులకు రాసిచ్చాం. డబ్బు చేరిన ఖాతానుంచి అప్పటికే ముక్కలు ముక్కలుగా ఎన్నో ఖాతాలకు పోయింది. ఎక్కడో ఒకచోట ఆగిన కొద్ది మొత్తం చాలా నెలల తర్వాత వచ్చింది. దాని లెక్క ఇక్కడ అనవసరం.

నేను ఆమెను అడిగిన మొదటి మాట, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది: "అంత తెలివి లేకపోతే ఎట్లత్తా?" ఆమె నా ముఖం చూడలేదు. "వాడు మన మాదిరే మాట్లాడినాడు నాయినా" అంది.

బ్యాంకుకు పోయి మేనేజరును కలిశాను. మంచివాడే. కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, విషయమంతా విన్నాడు. తర్వాత బ్యాంకునుంచి వచ్చిన జవాబు ఒక పేజీ ఇంగ్లీషు. సారాంశం ఇంతే: ఖాతాదారు స్వయంగా వచ్చి, తన సంతకంతో ఆదేశమిచ్చారు, మేము ఆదేశం పాటించాం, మా లోపమేమీ లేదు. చదివినకొద్దీ అందులో అబద్ధమేమీ కనిపించలేదు. అయినా అది న్యాయమని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. ఎంచేత రాలేదో నాకు నేను చెప్పుకోవడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇతరుల సొమ్ము దాచేవాడి బాధ్యత ఎంతవరకు అన్నది కొత్త ప్రశ్న కాదు. యాజ్ఞవల్క్య స్మృతిలో "ఉపనిధి" అని ఒక ప్రకరణమే ఉంది. ఉపనిధి అంటే లోపల ఏముందో చెప్పకుండా, మూసి ముద్రవేసి, మరొకరి దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము. అది రాజువల్లో దైవవశానో దొంగలవల్లో పోతే దాచినవాడు ఇచ్చుకోనక్కరలేదు. కాని సొంతదారు అడిగినా ఇవ్వకుండా అట్టేపెట్టుకుని, ఆ తర్వాత పోగొడితే, సొమ్మూ ఇవ్వాలి, దండుగా కట్టాలి. ఈ స్మృతికి మితాక్షర అనే ప్రసిద్ధ వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు మన పొరుగున ఇప్పటి బసవకల్యాణలో, కల్యాణి చాళుక్యుల ఆశ్రయంలో ఉన్నవాడు. దాన్ని 13వ శతాబ్దంలో కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు చేశాడు. న్యాయం తెలుగులో తెలియాలని ఏడువందల ఏళ్ల కిందటే ఒక కవికి తోచిందంటే గర్వంగానే ఉంటుంది. ఈ మాట ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

పాత ధర్మం దొంగలవల్ల పోయిన దానికి దాచినవాణ్ణి వదిలేసింది. ఎందుకు? అతను దాచింది నీ పెట్టె. దాన్ని వాడుకోలేదు, దానిమీద లాభం తియ్యలేదు, పోతే అతనికి ముందే తెలిసే దారి లేదు. బ్యాంకు అట్లా కాదు. 1848లో ఇంగ్లండు ప్రభువుల సభ ఒక తీర్పులో తేల్చేసింది: బ్యాంకులో వేసిన డబ్బు వేసినవాడిది కాదు, బ్యాంకుదే, బ్యాంకు అతనికి బాకీదారు మాత్రమే. మన దేశంలోనూ బ్యాంకుకూ ఖాతాదారుకూ ఉన్న సంబంధాన్ని అట్లాగే చెబుతారు. మా అత్త 6 లక్షలు ఆమె పేరు రాసిన కట్టగా ఇనప్పెట్టెలో లేవు. బ్యాంకు దాన్ని ఎవరికో అప్పిచ్చి వడ్డీ సంపాదించుకుంటోంది. మరి దొంగ పట్టుకుపోయింది ఎవరి డబ్బు? పెట్టెలో ఉన్నంతసేపూ బ్యాంకు డబ్బు, పోయిన క్షణంనుంచీ మా అత్త డబ్బు! మా ఊళ్లో వడ్డీవ్యాపారి ఇట్లా లెక్క చెబితే రచ్చబండకు ఈడుస్తారు.

దీనికి బ్యాంకు చెప్పే సమాధానం ఒకటుంది. అది తేలిగ్గా తీసిపారేసేది కాదు. బాకీదారుకు అప్పిచ్చినవాడే "ఫలానావాడికి ఇవ్వు" అని రాసిస్తే, ఇవ్వడమే అతని పని. ఇవ్వకపోతేనే తప్పు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తర్వు కూడా ఈ గీతమీదే నడిచింది. ఖాతాదారు ప్రమేయం లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో డబ్బు పోయి, అటు బ్యాంకు లోపమూ ఇటు ఖాతాదారు లోపమూ కానప్పుడు, 3 పనిదినాల్లో తెలియజేస్తే అతనికి నష్టం లేదంది. ఖాతాదారుదే తప్పని రుజువు చెయ్యవలసిన భారం బ్యాంకుమీదే పెట్టింది. ఇవి గొప్ప మాటలే. కాని రహస్య సంఖ్యలు ఇతరులకు చెప్పడం వంటి నిర్లక్ష్యం ఖాతాదారుదైతే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టమంతా అతనిదే అంది. చెప్పాక జరిగేది బ్యాంకుది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక బ్యాంకుచేత ఖాతాదారుకు 94 వేల పైచిలుకు కట్టించింది కూడా, అవి అతని అనుమతి లేకుండా జరిగిన చెల్లింపులనీ, అతను 24 గంటల్లోపే తెలియజేశాడనీ. మా అత్త కథ ఈ గీతకు అవతల పడింది. ఆమె సంతకం పెట్టింది.

సంతకమంటే ఏమిటి? 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 14వ సెక్షను ప్రకారం బలవంతంతో, మోసంతో రాబట్టిన సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు. కాని ఆ మోసం చేసింది బ్యాంకు కాదు కదా, బయటివాడు. ఇదే చిక్కు ఇంగ్లండులోనూ వచ్చింది. 2018లో ఒక దంపతులు మోసగాళ్ల మాట నమ్మి 7 లక్షల పౌండ్లు దుబాయి వైపు పంపేశారు. ఖాతాదారే స్పష్టంగా ఆజ్ఞాపించినప్పుడు ఆ ఆజ్ఞ వెనక తెలివి ఉందా లేదా అని విచారించే బాధ్యత బ్యాంకుకు లేదని 2023 జూలైలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఇటువంటి నష్టం ఎవరు భరించాలన్నది చట్టసభా, నియంత్రణ సంస్థలూ చూసుకోవలసిన సంగతి అని కూడా అంది. చూసుకున్నారు. 2024 అక్టోబరు 7నుంచి అక్కడ, దేశంలోపలి చెల్లింపుల్లో, ఇట్లా తమ చేతులతో తామే పంపి మోసపోయినవారికి 85 వేల పౌండ్లదాకా తిరిగివ్వాలి. పంపిన బ్యాంకు సగం, డబ్బు అందుకున్న బ్యాంకు సగం.

ఈ రెండో సగమే నన్ను ఆకట్టుకుంది. మన మాటల్లో దొంగ ఎప్పుడూ గాలిలో ఉంటాడు, సముద్రం అవతల ఉంటాడు. కాని వాడి డబ్బు వచ్చి పడేది ఒక ఖాతాలో. ఆ ఖాతాకూ ఒక బ్యాంకుంది, దానికి ఆధారు, పాన్ కార్డు, ఫోటో చూసి తలుపు తీసిన గుమాస్తా ఉన్నాడు. నిన్నటిదాకా ఊపిరి లేని ఖాతాలోకి ఒక ముసలమ్మ 6 లక్షలు వచ్చి, గంటలో చిల్లులుపడ్డ కుండలోంచి నీళ్లలా కారిపోతుంటే చూడగలిగేది వాళ్లే. మా అత్త చూడలేదు, హొసూరు మేనేజరూ చూడలేడు. ఆ ఖాతాదారు కూడా చాలాసార్లు, కాసిని డబ్బులకు తన పాసుబుక్కు అద్దెకిచ్చిన నిరుద్యోగి. అతని సంగతి వేరే వ్యాసం.

ఇట్లా తిరిగిచ్చుకుంటూ పోతే జనానికి జాగ్రత్త పోతుందని ఒక వాదం. 1990లలో తమిళనాట ఫైనాన్సు కంపెనీలు మునిగినప్పుడు ఈ మాట విన్నాను. అధిక వడ్డీకి ఆశపడ్డారు, అనుభవించనీ అన్నారు. నేనూ అన్నాను, మా వీధిలో ఒకరిని ఉద్దేశించి. (1997లో రాష్ట్రం డిపాజిటుదారుల రక్షణకు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చింది.) ఆశపడ్డవాడి విషయంలో ఆ వాదానికి కొంత బలముందేమో. కాని మా అత్త దేనికీ ఆశపడలేదు. భయపడింది. పోలీసంటే వణకాలని, ఆఫీసరు చెబితే వినాలని జీవితమంతా నేర్పింది మనమే, ఈ ప్రభుత్వమే, ఈ బ్యాంకే. ఆ విధేయతనే దొంగ వాడుకున్నాడు. డబ్బు తిరిగొస్తుంది కదా అని రెండు రోజులు ఎవరూ అట్లా వణకరు.

తిరిగివ్వడానికి డబ్బు ఎక్కణ్ణుంచో ఊడిపడదు, నిజమే. మిగిలిన ఖాతాదారుల వడ్డీలో కోతపడుతుంది. పడనీ. బ్యాంకు మునిగితే 5 లక్షలదాకా ఇచ్చే డిపాజిట్ బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు అది లక్షే. ఆ బీమా రుసుము బ్యాంకులన్నీ కడుతున్నాయి. బ్యాంకు బోల్తాపడితే అందరం కలిసి మోస్తున్నాం. ఖాతాదారు బోల్తాపడితే అతని ఖర్మ అంటున్నాం.

మేనేజరు నాతో అన్న మాట ఒకటి మాత్రం ఇప్పటికీ ముల్లులా ఉంది. "సార్, నేను ఆపి ఉంటే? ఆమె నా డబ్బు నాకివ్వడంలేదని ఫిర్యాదు చేస్తే? పోయిన నెలే ఒకాయన చేశాడు." ఇందులో నిజముంది. అనుమానమని ప్రతి ముసలివారి డబ్బూ ఆపడం మొదలుపెడితే అదొక అవమానం. ఇంగ్లండులో గట్టి అనుమానముంటే చెల్లింపును మరో 72 గంటలు ఆపే వీలు 2024లో ఇచ్చారు. మూడు రోజులు! మా అత్త భయం మూడోరోజుకే విరిగింది. ఆపడానికి వీలుంటే చాలదనుకోండి, అడగడం రావాలి. ఆ బ్యాంకు గోడమీద మోసగాళ్ల గురించి హెచ్చరిక ఉంది. ఇంగ్లీషులో, హిందీలో, తమిళంలో. మా అత్త చదవగలిగింది తెలుగొక్కటే. ఆమె ఫోనుకు వచ్చే హెచ్చరికలు ఇంగ్లీషువి. కౌంటరులో కొత్తగా వచ్చిన ఉత్తరాది అబ్బాయి ఆమెను హిందీలో ఏదో అడిగాడట, నేర్పించిన "ఇల్లు రిపేరు" అన్న ముక్క చెప్పిందట, అతను తలూపాడట. హొసూరులో తెలుగు ఇవాళ పుట్టింది కాదు, ఆ వరసలో నిలబడేవారిలో తెలుగువారికి కొదవా లేదు. ఆమెతో ఆమె భాషలో మాట్లాడాలని దొంగకు తోచింది. వాడు అందుకోసం మనిషిని పెట్టుకున్నాడు. కేతనను తలచుకున్నది ఇందుకే.

నా వంతు కూడా చెప్పి తీరాలి. ఆమె కాగితాలన్నీ ఎన్నో ఏళ్లుగా నేనే చదివిపెట్టేవాణ్ణి. చివరి రెండేళ్లలో విసుగొచ్చి, "అన్నిటికీ నన్నెందుకు పిలుస్తావత్తా, నువ్వే పోయిరా" అనడం అలవాటయింది. ఆ రెండో రోజు, ఆ దొంగ ఏ కాఫీకో లేచినప్పుడు కాబోలు, ఆమె నాకు ఒకసారి ఫోను చేసింది. నేను ఒక పుస్తకావిష్కరణ సభలో ఉన్నాను. సాయంత్రం చూసుకున్నాను. పింఛను సంగతై ఉంటుంది, రేపు చేద్దాంలే అనుకున్నాను. బ్యాంకు రాసిన పేజీలో అబద్ధం లేనట్టే, నేను చెప్పుకోగల సాకుల్లోనూ అబద్ధం లేదు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి వారంలో ఇద్దరం కలిసే పోతున్నాం. పోయిన నెల కౌంటరులో కొత్తమ్మాయి ఉంది, మా పక్క పల్లెదే. 4 వేలకు కాగితం చూసి, "ఎందుకవ్వా ఇప్పుడు ఇంత దుడ్డు?" అని తెలుగులోనే అడిగింది. అత్తకు రోషమొచ్చింది. "నా దుడ్డు, నా ఇష్టం. నీకు చెప్పాల్నా?" అంది. ఆ అమ్మాయి నావైపు చూసింది, అత్తా నావైపు చూసింది. నేను కాగితంమీద తేదీ సరిగ్గా ఉందా అని చూస్తూ నిలబడ్డాను.