మంచు గడిలో కర్మ ఎవరిది?

1999 నవంబరులో జపాన్‌లో విడుదలైన ‘పోకెమాన్ గోల్డ్’, ‘సిల్వర్’ ఆటల్లో ఐస్ పాత్ అనే గుహ ఉంది. ఆటలోని మహోగని పట్టణం నుంచి బ్లాక్‌థార్న్ నగరానికి వెళ్లేవాళ్లు దాన్ని దాటాలి. నేలంతా చదరపు గళ్లు. మామూలు గడి మీద మీట నొక్కితే ఒక్క అడుగు పడుతుంది. మంచు గడి మీద కాలు పెట్టాక ఆగడం గానీ, పక్కకు తిరగడం గానీ ఆటగాడి చేతిలో ఉండదు. బండరాయో, గోడో, మామూలు నేలో వచ్చేదాకా జారుతూ పోవాల్సిందే.

మొదటి అడుగు ఎటు వేయాలో ఎంచుకున్నది అతనే. మరి ఆ తర్వాతి గళ్లు ఎవరి లెక్కలోకి వస్తాయి?

వేదాంతులకు ఈ చిక్కు కొత్తది కాదు. జ్ఞానం కలిగాక కూడా దేహం ఎందుకు నిలుస్తుందంటే, వింటిని వదిలిన బాణాన్ని చూపిస్తారు శంకరులు: వేగం తీరేదాకా అది ఆగదు, ప్రారబ్ధమూ అంతే. 1674లో తత్వవేత్త స్పినోజా ఒక లేఖలో కదిలే రాయిని ఊహించమన్నాడు. దానికి తెలివి ఉంటే తన ఇష్టంతోనే కదులుతున్నానని నమ్ముతుందట. మంచు మీది ఆటగాడికి ఆ భ్రమ లేదు. జారుతున్నంతసేపూ తన చేతిలో ఏమీ లేదని అతనికి తెలుసు. ఆగిన చోట మళ్లీ దిక్కు ఎంచుకునేటప్పుడే అతను స్వతంత్రుడు.

అందుకే మంచు మ్యాపులో అసలు పనితనమంతా రాళ్లు పెట్టడంలో ఉంది. చూడ్డానికి రాయి అడ్డంకే. కానీ ఆటగాడు నిలబడి ఆలోచించుకోగలిగేది దాని పక్కనే. రాయిని ఒక్క గడి కుడికి జరిపితే అతను ఆగే చోటు మారుతుంది, అక్కడి నుంచి పోయే దారులన్నీ మారిపోతాయి. పైగా ఈ ఆటలు ఆడే గేమ్ బాయ్ కలర్ తెర 160 పిక్సెళ్ల వెడల్పు, 144 ఎత్తు. ఒక్కో గడి 16 పిక్సెళ్లు. అంటే ఒకసారికి అడ్డంగా పది, నిలువుగా తొమ్మిది గళ్లే కనిపిస్తాయి. పెద్ద గదిలో జారేవాడికి తాను ఎక్కడ తేలతాడో ముందే కనిపించకపోవచ్చు.

అలా జారి, బయటికి దారే లేని మూలలో చిక్కుకుంటే? అటు వెళ్లమని ఎవరన్నారు అని ఆటగాడినే తప్పుపట్టడం తేలిక. కానీ మ్యాపు గీసినవారి తప్పు లేదా? బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో ఇలాంటి అభియోగమే ఈశ్వరుడి మీదికి వస్తుంది: లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులు పెట్టినవాడు పక్షపాతి, నిర్దయుడు కాడా అని. సృష్టి జీవుల కర్మను బట్టే జరుగుతుందనీ, సంసారానికి మొదలే లేదనీ అక్కడ దొరికే సమాధానం. ఆ వాదం ఒప్పుకున్నా, మ్యాపు గీసినవారికి అది అక్కరకు రాదు. వారి గుహకు మొదలుంది. అందులోకి వచ్చినవాడు ఏ పూర్వకర్మనూ మోసుకురాలేదు. ప్రతి రాయీ వారు చేత్తో పెట్టినదే. కాబట్టి ఆ మూల పాపం పూర్తిగా గీసినవారిదే.

కష్టపెట్టడం వేరు, బంధించడం వేరు. పదిసార్లు తప్పుదారిలో జార్చినా అన్యాయం లేదు, వెనక్కి రాగలిగితే చాలు. ఆటలు తయారుచేసే ఆర్‌పీజీ మేకర్ సాఫ్ట్‌వేర్‌లో మంచు గుహలు గీస్తున్న యువత ఒక్క పని చేయాలి: ఆగడానికి వీలున్న ప్రతి గడినీ గుర్తుపెట్టుకుని, గుహ వాకిలి నుంచే కాకుండా ఆ గళ్లన్నిటి నుంచీ ఆడి చూశాకే ఆటను విడుదల చేయాలి.