సాక్ష్యానికి అలవాటైన గొంతు

ఫానీ లూ హేమర్‌ని తలచుకున్నప్పుడల్లా ఒకటే ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. అమెరికాలోని మిసిసిపీలో నల్లజాతి కౌలు కూలీల ఇంట ఇరవయ్యో బిడ్డగా పుట్టి, ఆరేళ్లకే పత్తి తీయడం మొదలుపెట్టిన మనిషి ఆమె. దేశాధ్యక్షుడు కంగారుపడేంతగా మాట్లాడే ధైర్యం ఆమెకు ఎక్కడిది?

1964 ఆగస్టు 22. అట్లాంటిక్ సిటీలో డెమొక్రటిక్ పార్టీ మహాసభ. మిసిసిపీ నుంచి వచ్చిన తెల్లవాళ్ల బృందం రాష్ట్ర ప్రజలందరి తరఫునా కూర్చోవడం చెల్లదని నల్లజాతివారు అభ్యంతరం పెట్టారు. ఆ అభ్యంతరాన్ని విచారించే కమిటీ ముందు హేమర్ నిలబడింది. ఓటు నమోదుకు వెళ్లినందుకు పని, ఇల్లు పోయిన సంగతీ, వినోనా జైల్లో తనను కొట్టించిన సంగతీ చెప్పింది. టీవీ కెమెరాలను ఆమె మీంచి మళ్లించాలని అధ్యక్షుడు జాన్సన్ అప్పటికప్పుడు విలేఖరులను పిలిచి కూర్చోబెట్టాడు. ఫలితం లేకపోయింది. ఆ రాత్రి టీవీల్లో ఆమె మాటలను దేశం విన్నది.

ఆ ధైర్యం చర్చిలోది. పాదిరి ప్రసంగాల కంటే, ఆదివారం తర్వాత ఆదివారం అక్కడ జరిగే మామూలు పనులే ఆమెను తయారుచేశాయని నా నమ్మకం.

మిసిసిపీ పత్తి పొలాల్లో అప్పుల పద్దు దొరది, తుపాకీ షెరీఫ్‌ది, కోర్టు తెల్లవాళ్లది. నల్లవాళ్లు తమదని చెప్పుకోగలిగింది చర్చి ఒక్కటే. బాప్టిస్టు పద్ధతిలో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. పాదిరిని పిలవాలన్నా, పంపించేయాలన్నా సభ్యులే చేతులెత్తి తేలుస్తారు. కానుకలు లెక్కపెట్టి పద్దు రాసేదీ వాళ్లే. ఊళ్లో ఓటు లేనివాళ్లు ఆదివారం నాడు ఓటు వేశారు. బయట అందరూ పేరు పెట్టి కేకేసే కూలీ లోపల గౌరవంగా ‘సిస్టర్’ అయింది, లేచి సాక్ష్యం చెప్పింది, పాట ఎత్తుకుంది. దేవుని స్వరూపంలో సృష్టించబడ్డానని ఏళ్ల తరబడి విన్న మనిషికి ఓటు నమోదు చేసే గుమస్తా ముందు నిలబడగల శక్తి వస్తుంది. 1962 ఆగస్టులో రూల్‌విల్‌లోని విలియమ్స్ చాపెల్‌లో జరిగిన సభలోనే, తనకు ఓటు హక్కు ఉందని హేమర్ మొదటిసారి విన్నది. ఆ నెలాఖరున నమోదు కోసం బస్సులో ఇండియనోలా వెళ్లినప్పుడు, తోటివాళ్లు బెదిరిపోతుంటే కీర్తనలు ఎత్తుకున్నదీ ఆమే.

ఆ సభ పెట్టించినవాళ్లలో విద్యార్థి ఉద్యమ కార్యకర్తలున్నారు. వాళ్ల సంస్థ 1960 ఏప్రిల్‌లో రాలీలో, బాప్టిస్టుల షా విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని వెనక ఉన్న మనిషి ఎల్లా బేకర్. ఆమె తల్లి బాప్టిస్టు స్త్రీల మిషనరీ సమాజంలో మనిషి. ఆడవాళ్లు తమంతట తాము సభలు నడుపుకోవడం బేకర్ చిన్ననాడే చూసింది. పెద్దయ్యాక పాదిరుల నాయకత్వ సంస్థలో పనిచేసినప్పుడు మాత్రం వాళ్లు ఆమెను సమానురాలిగా చూడలేదు. ఒకే చర్చి ఆమెకు నడక నేర్పింది, మళ్లీ అదే దారి మూసింది. ఈ రెండూ కలిపి చెప్పకపోతే అబద్ధమాడినట్టే.

మోంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ అనగానే మనకు మార్టిన్ లూథర్ కింగ్ కంఠం గుర్తొస్తుంది. 1955 డిసెంబరు 5న హోల్ట్ స్ట్రీట్ చర్చిలో మాట్లాడేనాటికి ఆయనకు ఇరవై ఆరేళ్లు. నిజమే, అది గొప్ప కంఠం. కానీ 381 రోజులు బస్సులెక్కకుండా ఒక ఊరిని నిలబెట్టినవి చందాల లెక్కలు, వారం వారం సభలు, చర్చిల పేరు మీద కొన్న కార్లు. వంతుల వారీగా కార్లు నడిపినవాళ్ల పేర్లు చాలామటుకు ఎవరికీ తెలియవు.

అదే బైబిలు చదివిన తెల్లవాళ్ల చర్చిలు చాలావరకు మౌనంగా ఉండిపోయాయి. 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి కింగ్ రాసిన లేఖ, ఓపిక పట్టమన్న ఎనిమిది మంది మతగురువులకు జవాబు. నల్లవాళ్ల చర్చిల్లోనూ అన్నీ తలుపులు తెరవలేదు. వాళ్ల అతిపెద్ద బాప్టిస్టు సమాఖ్య అధ్యక్షుడు జె.హెచ్. జాక్సనే ఈ పోరాట పద్ధతిని వ్యతిరేకించాడు. కాబట్టి శిలువ ఉన్నంత మాత్రాన నాయకులు తయారవరు. అడుగున ఉన్నవాడి చేతికి పద్దు, నోటికి మాట ఇచ్చిన చోటే తయారవుతారు.

ఇది మనకు దూరపు కథ కాదు. నాష్‌విల్‌లో జాన్ లూయిస్ వంటి విద్యార్థులకు అహింస నేర్పిన జేమ్స్ లాసన్ అంతకుముందు నాగపూర్ హిస్లాప్ కాలేజీలో పనిచేస్తూ గాంధీని చదువుకున్నవాడు. మన తెలుగునాట కూడా 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజుల్లో ఒంగోలు ప్రాంతంలో అలా సంఘంలో చేరినవాళ్లలో అత్యధికులు మాదిగలు. వారిదీ బాప్టిస్టు సంఘమే. మా పల్లెల్లో కూలికి పోయే అమ్మ ఆదివారం లేచి నిలబడి తడబడకుండా సాక్ష్యం చెప్పడం నేను చూస్తూ పెరిగాను. ఆ గొంతు గ్రామసభలో ఎందుకు వినపడదన్న బాధ నన్నింకా వదల్లేదు.

ఎన్నికలొస్తే అభ్యర్థిని వేదికెక్కించి, తల మీద చేయి పెట్టి ప్రార్థించి పంపే చర్చి నాయకుణ్ణి తయారుచేయడం లేదు, ఓట్లు అప్పగిస్తోంది. సంఘ పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఈ ఏడు కానుకల పద్దు స్త్రీల సమాజం చేతికివ్వండి, సంఘం మీటింగుకి ఒక కూలీ అమ్మను అధ్యక్షురాలిగా కూర్చోబెట్టండి.