ఎంతవరకు ఎగదోస్తాం?

తాడెక్కేవాణ్ణి ఎంతవరకు ఎగదోస్తాం అని సామెత. కింద నిలబడ్డవాడి చెయ్యి అందినంతవరకే సాయం, ఆపైన వాడి చేవ, వాడి అదృష్టం అని దాని భావం. సాయం చెయ్యలేనివాడికీ, చెయ్యడం ఇష్టంలేనివాడికీ కూడా భలే పనికొచ్చే సామెత!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పొలం గట్ల మీద తాళ్ళకు కొదవలేదు. పొద్దునా సాయంత్రమూ వాటినెక్కే గీత కార్మికుడికి నడుముకు మోకు, కాళ్ళకు గుజి, నోట కాటమయ్య పేరు. అంతే రక్ష. మన భాషలో తాడికీ, తాడుకీ బహువచనం ఒకటే, తాళ్ళు. మాటలో అంత దగ్గరివే గాని, చెట్టు మీద ఒకటి రెండోదాన్ని వదిలిందా, ఒక ఇల్లు కూలినట్టే. మనకు మాత్రం పేపర్లో మూడు పంక్తుల వార్త.

సరదాకు కొండలెక్కే దొరలకూ ఈ భయం ఉంది. 1865లో ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొట్టమొదటిసారి ఎక్కి దిగుతూంటే తాడు తెగి, ఏడుగురిలో నలుగురు పోయారు. తెగింది వాళ్ళ దగ్గరున్న తాళ్ళలో పాతదీ, బలహీనమైనదీనట! 1957లో అమెరికాలో ఇవాన్ షూనార్డ్ అనే కుర్రాడు పాత కొలిమి ఒకటి కొని, కమ్మరం తనంతట తానే నేర్చుకుని, రాతి పగుళ్ళలో దిగ్గొట్టే మేకులు చెయ్యడం మొదలెట్టాడు. ముందు తనకోసం, తర్వాత స్నేహితులకోసం. అదే పెద్ద కంపెనీ అయింది. 1989లో అది దివాలా తీస్తే, అందులో పనిచేసేవాళ్ళే కొనుక్కుని బ్లాక్ డైమండ్ పేరుతో నిలబెట్టారు.

మరి అంతకన్నా ఎంతో ముందునుంచీ తాడెక్కుతున్న మనవాడికోసం ఏ కంపెనీ ఎందుకు పుట్టలేదు? అవసరం లేకనా? కాదు. కొనగలిగినవాడి భయమే బజారుకు వినిపిస్తుంది. కొనలేనివాడి భయానికి తలరాత అని పేరు.

ఆ కొండ పరికరాలు మన పక్కకే వచ్చాయి. 2014 మే 25న 13 ఏళ్ళ మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. ఆమె తొలి పాఠాలు నేర్చుకున్నది ఒకప్పటి నల్లగొండ జిల్లాలోదే అయిన భువనగిరి గుట్ట మీద. ఆ గుట్ట దిగి తాటిచెట్టు దాకా రావడానికే ఆలస్యమైంది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో గీత కార్మికులకు రక్షణ కిట్లు ఇవ్వడం మొదలెట్టింది. పోయాక ఇచ్చే సొమ్ము కన్నా పోకుండా ఆపే తాడు మేలు కాదూ?

అయితే చిక్కు అక్కడితో తీరదు. బెల్టు బిగించి, కొక్కెం తగిలించి ఎక్కాలంటే చెట్టుకు నాలుగు నిమిషాలు ఎక్కువ పడతాయనుకోండి. పది చెట్లకు నలభై నిమిషాలు. ఆ నిమిషాల కూలి ఎవరిస్తారు? సీసాకు రెండు రూపాయలు ఎక్కువన్నాడని బేరమాడేది మనమే. పైగా, కిట్టు ఇచ్చినా వేసుకోడండీ అని నిట్టూర్చేదీ మనమే.

సామెత అబద్ధం కాదు, ఎవరి చెయ్యయినా కొంతవరకే అందుతుంది. కాని గట్టి తాడూ, న్యాయమైన ధరా చెట్టు మొవ్వు దాకా వాడి వెంట వెళతాయి. అవి ఇవ్వకుండా, అందినంతవరకు ఎగదోశామని చేతులు దులుపుకుంటే, ఆ అన్నమాట సామెత కాదు, సాకు.