పిలవని ఇండ్లు

చిట్యాల అంటే నల్లగొండ దారిలో హైవే మీద తగిలే చిట్యాల కాదు, భూపాలపల్లి జిల్లా చిట్యాల. పత్తి, వరి, మిర్చి నమ్ముకుని బతికే మండలం. అక్కడ ఒక మేస్త్రీ ఉండేవాడు. కాలిన మోటారుకు వైండింగ్ కట్టడం, పగిలిన పైపు మార్చడం, కొత్త ఇంటికి వైరింగ్ లాగడం అన్నీ చేతనైనవాడు. అతను పని చేస్తుంటే భార్య దుకాణంలో కూర్చుని పద్దు రాసేది.

ఏటా వానలు మొదలయ్యే మిరుగు కార్తె ముందర ఒక ఆటోకు మైకు కట్టి ఊళ్లమీదికి పంపేవాడు. ‘మోటారు కాలిందా? ఇంట్ల కరెంటు పోయిందా? ముందు పని చేపిచ్చుకోండ్రి, పంటకు పైసలియ్యుండ్రి!’ అని ఆ మైకు అరిచేది. చిట్యాల చుట్టుపక్కల ఆ ఒక్క మాట బాగా పనిచేసింది. విత్తనాలకు, ఎరువులకు చేతిలో ఉన్నదంతా పెట్టిన రైతుకు వానాకాలం మొదట్లో పైసలుండవు. దసరా దాటి పత్తి అమ్మితేనే ఇంట్లో నోటు కనపడుతుంది. ఉద్దెరకు పని చేస్తానన్న మేస్త్రీని రైతులు మరిచిపోలేదు. పత్తి అమ్మిన నాడు వచ్చి బాకీ కట్టి, పద్దు కొట్టేయించుకుని పోయేవాళ్లు.

2016 దసరా నాడు, అక్టోబరు 11న, కొత్త జిల్లాలు పుట్టాయి. పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి జనగామ, మానుకోట (మహబూబాబాద్), భూపాలపల్లి జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులు వచ్చాయి, కిరాయి ఇండ్లు లేచాయి. ఆ ఏడే మొదలైన మిషన్ భగీరథతో ఇంటింటికీ నల్లా అన్న మాట వినిపించింది. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. కరెంటు నిలకడగా ఉంటే మోటార్లు తక్కువ కాలుతాయి, ఇక బాయికాడి మోటార్లనే నమ్ముకోవద్దు, పట్నాల్లో ఇంటి పనులు పట్టాలని మేస్త్రీ అనుకున్నాడు. అప్పు తెచ్చాడు. ఆ మూడు పట్నాల్లో మూడు గదులు కిరాయికి తీసుకుని, తన దగ్గర పని నేర్చిన పిల్లలను ఒక్కొక్కచోట పెట్టాడు. మూడుచోట్లా అదే ఫ్లెక్సీ, అదే ఆటో, అదే మైకు, ‘ముందు పని, పంటకు పైసలు’ అన్న అదే మాట.

ఆరు నెలలకు అప్పు మిగిలింది, పని రాలేదు. మేస్త్రీ ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు.

“ఆ ఊళ్లల్ల జనానికి పనితనం విలువ తెల్వది,” అన్నాడు.

భార్య పద్దు పుస్తకం తెరిచింది. “పిలిచినోళ్ల పేర్లు ఇందుల ఉన్నయి. పిలవనోళ్ల పేర్లు ఏ బుక్కుల ఉన్నయయ్యా?”

“పిలవనోళ్ల పేర్లు ఎవలన్న రాస్తరా?”

“అడిగితే రాయొచ్చు. ఒక్కసారి మళ్ల పోయి రా. మైకు ఇంట్లనే ఉండనియ్యి. నువ్వు చెప్పుడు కాదు, వాళ్లు చెప్పేది విని రా.”

మేస్త్రీ ముందుగా భూపాలపల్లి పోయాడు. ఒక కాలనీలో మేడ మీది ట్యాంకు నుంచి నీళ్లు కారుతున్న ఇల్లు చూసి తలుపు తట్టాడు. “అక్కా, మా ఆటో మీ గల్లీలకు రాలేదా?”

“ఎందుకు రాలే? పొద్దుగాల పది గంటలకు వచ్చింది. మా ఆయన రాత్రి షిఫ్టు బొగ్గుబాయి దిగి వచ్చి అప్పుడే కండ్లు మూసిండు. ఆ మైకుకు దిగ్గున లేచి కూసున్నడు. ఆ మేస్త్రీని మాత్రం పిలవొద్దన్నడు.”

“పైసలు తర్వాత ఇచ్చినా నడుస్తదక్కా.”

“మాకు ఉద్దెర ఎందుకు తమ్మీ? నెల కాంగనే సింగరేణి జీతం పడ్తది. పొద్దుగాల వస్తనని మాపటికి వచ్చేటోళ్లతోనే మా బాధ. ఆయన పండుకున్న యాళ్లకు సుత్తె పట్టుకుని వస్తే ఎట్ల?”

ఆ కాలనీలో గడియారం అందరికీ ఒకటి కాదని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. మూడు షిఫ్టుల్లో బొగ్గు తవ్వే ఊరిలో పగలు నిద్రపోయే ఇండ్లు ఎన్నో.

అక్కడి నుంచి మానుకోట పోయాడు. రోడ్డు దిగి ఒక తండాలోకి నడిచాడు. ఒక ఇంటి ముందర నల్లాకు గుడ్డపేలిక చుట్టి, తాడుతో బిగించి ఉంది. ముసలవ్వను అడిగితే ఆమె తమ భాషలో ఏదో చెప్పింది. మనుమరాలు తెలుగు చేసింది.

“అన్నా, మీ మైకు రోడ్డు మీది నుంచి రోడ్డు మీదికే పోయింది. తండా లోపలికి రాలే. వచ్చినా మా అవ్వకు సగం సమజ్ కాదు.”

“ఫోన్ నంబరు గోడ మీద రాపిచ్చిన కదమ్మా.”

“చూసినం. ఒక్క నల్లా కోసం మానుకోట నుంచి మనిషిని పిలిస్తే, నల్లాకన్న పెట్రోలుకే ఎక్కువ అడుగుతడని భయపడ్డం. అందుకే తాడు కట్టినం.”

చివరికి జనగామ. పాత బజారులో పెద్ద ఇల్లు, ఇంట్లో ఇద్దరే ముసలివాళ్లు. ఎండకాలంలో ఫ్యాను ఆగిపోయి ఉంది.

“మా కొడుకు హైదరాబాదుల కొలువు చేస్తడు. నేనే ఎవలనన్న చూసి పంపుత అంటడు. తెల్వనోన్ని ఇంట్లకు రానిస్తే కోపానికొస్తడు బిడ్డా,” అన్నాడు పెద్దాయన. మేస్త్రీ ఆ కొడుకుతోనే ఫోన్‌లో మాట్లాడాడు.

“మీ దుకాణం పేరు నెట్‌ల వెతికిన, దొరకలేదు. ఎంతైతదో ముందు చెప్పరు. బిల్లియ్యరు. మా అమ్మానాయన ఇద్దరే ఉన్న ఇంట్లకు ఎవలు వస్తున్నరో నాకు తెల్వాలె కదన్నా?” అన్నాడతను.

మేస్త్రీ ఇంటికి వచ్చి విన్నదంతా చెప్పాడు. భార్య కొత్త పుస్తకం తీసి నాలుగు వరుసలు రాసింది. ‘చిట్యాల: ఇప్పుడు చేతిల పైసల్లేవు. భూపాలపల్లి: నిద్ర చెడుతది. మానుకోట: దూరం ఖర్చు. జనగామ: కొత్త మనిషి.’ రాసి, “చిట్యాల మందు తీస్కపోయి మూడు ఊళ్లకు పోసినం. రోగం వేరు కదా,” అంది.

మరునాటి నుంచి పని తీరు మారింది. భూపాలపల్లిలో మైకు బందు పెట్టారు. టీ హోటళ్లలో, కిరాణా కొట్లలో చిన్న చీటీలు ఉంచారు. ‘మీ షిఫ్టు చెప్పండి, మీరు లేచినంకనే వస్తాం’ అని వాటి మీద ఒక్క మాట. వచ్చే గంట ముందు ఫోన్ చేయడం నియమం చేశారు. బాత్రూములు, ఇల్లంతా వైరింగ్ వంటి పెద్ద పనుల సంగతి దసరా ముందర మాట్లాడేవాళ్లు. సింగరేణి లాభాల్లో వాటా కార్మికుల చేతికి వచ్చే కాలం అది.

మానుకోటలో వారానికి ఒకనాడు ఒక తండా అని కట్టుకున్నారు. ఆనాడు అక్కడి పనులన్నీ ఒక్క రాకలో చేస్తారు. దారి ఖర్చు ఇంటింటికీ పంచితే ఎవరికీ బరువు కాదు. ఆ తండా పిల్లవాణ్నే ఒకణ్ని పనిలో చేర్చుకున్నారు. లంబాడీ భాషలో అవ్వలతో అతనే మాట్లాడతాడు. మొదటివారం ఒక్క తాడు కట్టిన నల్లా తప్ప వేరే పని రాలేదు. అక్కడ నమ్మకం కుదరడానికి రెండు మిర్చి కాలాలు పట్టింది. అయినా మేస్త్రీ ఆ రోజు తప్పించలేదు.

జనగామలో దుకాణం ఫోటో, పేరు గూగుల్ మ్యాప్‌లో పెట్టారు. దానికి రూపాయి ఖర్చు కాలేదు. ఏ పనికి ఎంతో చెప్పే ధరల పట్టిక తయారుచేశారు. ఇంటికి పోయే మనిషి పేరు, ఫోటో ముందే కొడుకు వాట్సాప్‌కు పంపేవాళ్లు. పని కాకముందు ఒక ఫోటో, అయినంక ఒక ఫోటో, దాంతోపాటే బిల్లు. పైసలు హైదరాబాదు నుంచే వచ్చేవి.

చిట్యాలలో మాత్రం మిరుగు ముందర ఆ పాత ఆటోయే, ఆ పాత మాటే. అక్కడి రైతుకు అది ఇప్పటికీ అవసరమే కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. నెమ్మదిగా అప్పు తీరింది. మూడు గదులూ నిలబడ్డాయి.

నీతి: తన పేరు నలుగురికీ వినపడేలా చేయడం ప్రచారంలో చిన్న భాగం. పిలవాలనుకున్న ఇల్లు ఎందుకు ఆగిపోయిందో తెలుసుకుని, ఆ అడ్డు తీసేయడమే అసలు ప్రచారం.

ఇంటి పనులు చేసే ప్రతి మేస్త్రీ, ప్రతి కాంట్రాక్టరు ఈ మాట మనసులో పెట్టుకోవాలి. ఫ్లెక్సీ కొట్టించే ముందు, తనను పిలవని పది ఇండ్లకు పోయి కారణం అడగాలి. ఒకచోట చేతిలో పైసలు లేకపోవడం, ఇంకోచోట వేళ కుదరకపోవడం, మరోచోట దూరం, భాష, కొత్త మనిషి మీది అనుమానం అడ్డు పడతాయి. ఆ ఊరి డబ్బు ఎప్పుడు వస్తుందో కూడా తెలియాలి. పత్తి పైసలది ఒక నెల, మిర్చి పైసలది ఒక నెల, సింగరేణి వాటాది ఒక నెల. పెద్ద పని మాట ఆ నెల చూసుకుని ఎత్తాలి.

నగరాల్లో ఇంటి పనుల యాప్‌గా పేరు తెచ్చుకున్న అర్బన్ కంపెనీ 2014లో అర్బన్‌క్లాప్ పేరుతో మొదలైంది. అందులో ధర ముందే కనపడుతుంది, వచ్చే మనిషి ఎవరో తెలుస్తుంది, వేళ మనమే ఎంచుకోవచ్చు. ఆ యాప్ తీసేసింది కూడా పట్నపు ఇంటి భయాలనే. అదే పని చిట్యాల మేస్త్రీ ఒక చీటీతో, ఒక వారంతో, ఒక ఫోటోతో చేశాడు. యాప్ లేనంత మాత్రాన మన మేస్త్రీలు వెనకబడినవాళ్లు కారు. తమ ఊరి మనుషుల భయాలు వాళ్లకు తెలిసినంతగా దూరాన ఉన్న ఏ కంపెనీకీ తెలియవు. ఆ తెలివిని వాడుకోకపోవడమే నష్టం.

ఇంకొక్క మాట. ప్రచారంలో ఏ మాట ఇస్తే పనిలో అదే కనపడాలి. లేచినంక వస్తానన్నవాడు లేచినంకే రావాలి. చెప్పిన ధరే తీసుకోవాలి. చెప్పిన వారం తప్పకుండా రావాలి. ప్రచారం ఒక ఇంటిని ఒక్కసారి పిలిచేలా చేస్తుంది. రెండోసారి పిలిపించేది, పక్కింటికి కూడా చెప్పించేది నిలబెట్టుకున్న మాటే.