పరోక్షంలో పలికే మాట

పనిచేసే చోట ఒకరి వెనుక మరొకరు చెప్పుకునే మాటలను ధర్మగ్రంథాలు పాపంగా ఎందుకు లెక్కించాయి అన్న ప్రశ్నకు, అవి అబద్ధాలు గనుక అన్నది తొందరలో తోచే జవాబు. ఆ జవాబు నిలవదు. మనుస్మృతి పన్నెండో అధ్యాయం వాక్కుతో చేసే పాపాలను నాలుగుగా చెబుతూ, పారుష్యం అంటే కటువుగా మాట్లాడటం, అనృతం అంటే అబద్ధమాడటం, పైశున్యం అంటే కొండెం చెప్పడం, అసంబద్ధ ప్రలాపం అంటే పొంతన లేకుండా వదరడం అని వాటిని వేరుచేసింది. కొండెం అబద్ధంలో ఒక రకమే అయితే దానికి విడిగా చోటివ్వవలసిన పని లేదు. బౌద్ధుల దశ అకుశల కర్మలలోనూ మృషావాదం, అంటే అబద్ధమాడటం ఒకటి, పిశునవాక్కు మరొకటి. ఇక్కడ విన్నది అక్కడ చెప్పి, కలిసి ఉన్నవారిని విడదీయడమే పిశునవాక్కు అని వారి వివరణ. చెప్పింది నిజమా కాదా అన్న మాటే అందులో రాదు. ఇస్లాం సంప్రదాయం దీన్ని ఇంకా తేటగా చెప్పింది. తోటివాడు లేనప్పుడు అతనికి నచ్చని సంగతి చెప్పడం గీబత్ అనీ, ఆ సంగతి అతనిలో లేనిదైతే బొహ్తాన్, అంటే అపనింద అనీ హదీసు విడదీస్తుంది గనుక, నిజమే చెప్పానన్నవాడు కూడా గీబత్ దోషం నుంచి తప్పించుకోలేడు. ఖురాన్ 49వ అధ్యాయం ఈ పనిని చనిపోయిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. చనిపోయినవాడికి అడ్డుకునే శక్తి లేనట్టే, అక్కడ లేనివాడికి జవాబు చెప్పుకునే వీలు లేదు. జవాబు చెప్పగలిగినవారిని బయట ఉంచి తీర్పు ముగించడమే ఇందులోని అసలు దోషం.

2016 దాకా వరంగల్ జిల్లాలో భాగమై, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న మద్దూరు వంటి మండల కేంద్రంలో ఈ విచారణకు బరువెక్కువ. ఒక ఆఫీసులోనో బడిలోనో కలిసి పనిచేసేవారు కొద్దిమందే, వారే పెళ్లిళ్లలోనూ కొమురవెల్లి మల్లన్న జాతరలోనూ మళ్లీ ఎదురవుతారు. పొద్దున ఆఫీసులో మొదలైన ముచ్చట పొద్దుగూకేసరికి ఇళ్లకు చేరుతుంది, ఎవరి గురించి పుట్టిందో వారికి మాత్రం అందరికన్నా చివర తెలుస్తుంది. అదే పాత వరంగల్ జిల్లాలోని పాలకుర్తికి చెందినవాడిగా ప్రసిద్ధుడైన పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యం బసవపురాణంలో ఇటువంటి ఘట్టాన్నే చెప్పాడు. పన్నెండో శతాబ్దపు కల్యాణ నగరంలో బిజ్జలుడి కొలువులో బసవన్న ధనాగారానికి అధికారి. అతను రాజధనాన్ని జంగములకు ధారపోస్తున్నాడని గిట్టనివారు రాజు చెవిన వేశారు. బిజ్జలుడు బసవన్నను పిలిపించి అడిగాడు, అతని ఎదుటే ధనం లెక్కపెట్టించాడు, లెక్క తగ్గలేదు. భక్తులు దీన్ని శివమహిమగా చదువుతారు. ఆ పఠనాన్ని కాదనకుండానే, చెవిన పడిన మాటను రాజు అక్కడితో వదలక, ఆ మాటకు గురైనవాడి ముందుకు తెచ్చాడన్నది గమనించదగింది. ఈ ఘట్టంలో కొండెం ఓడిపోయింది అక్కడే.

కనుక విన్నవారి బాధ్యత చెప్పినవారి బాధ్యతకు తక్కువది కాదు. గురువును ఆడిపోసుకునే చోట శిష్యుడు చెవులు మూసుకోవాలి, లేదా లేచి వెళ్లాలి అని మనుస్మృతి రెండో అధ్యాయం విధించింది. అక్కడి పరీవాదం అన్న పదానికి ఉన్న దోషాన్ని చెప్పడమనీ, నింద అన్న పదానికి లేని దోషాన్ని అంటగట్టడమనీ వ్యాఖ్యాత కుల్లూకభట్టు అర్థం చెప్పాడు. ఉన్న దోషమైనా సరే, చెవి మూయవలసిందే.

అయితే ఈ నియమాన్ని నోరు మూయించడానికి వాడుకునే ప్రమాదం ఉంది, అది చిన్నది కాదు. తప్పును తప్పు అనడమూ చాడీ చెప్పడమూ ఒకటి కావు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఈ తేడాను కళ్ల ముందు ఉంచింది. ఎవరో కూలి పైసలు తిన్నారన్న పుకారు ఊళ్లో ఎంతకాలమైనా తిరగవచ్చు. తనిఖీలో మాత్రం మస్టరులోని పేర్లు, పనిదినాలు, చెల్లించిన కూలి ఇంటింటికీ తిరిగి సరిచూసి, గ్రామసభలో చదివి, ఆ తరువాత మండల స్థాయి ప్రజావేదికలో సిబ్బంది ఎదుటే పెడతారు. ఆరోపణ పుకారు కన్నా పదునుగానే ఉంటుంది, కాని ఆరోపణకు గురైనవారు అక్కడే ఉంటారు, కాగితమూ అక్కడే ఉంటుంది.

ఎదుట నిలబడి చెప్పలేని బలహీనుల సంగతి వేరు. పై అధికారి వేధింపును తోటి ఉద్యోగినితో గుసగుసగా చెప్పుకున్న స్త్రీని చాడీకోరు అనడం అన్యాయం. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ, అన్యాయానికి గురైనవాడు దాన్ని సరిదిద్దగలవారితో మొరపెట్టుకోవడాన్ని గీబత్ దోషం నుంచి మినహాయించాడు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం కూడా ఆ మార్గాన్నే చూపుతుంది. పదిమందికి తక్కువ సిబ్బంది ఉన్న చోట ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళుతుంది. ఫిర్యాదుదారు, ప్రతివాది, సాక్షుల వివరాలు బయటపెట్టరాదని 16వ సెక్షన్ నిషేధిస్తుంది. ప్రతివాది తన మాట చెప్పుకోవడానికి విచారణలో చోటుంటుంది. అటువంటి మొరను విన్న సహోద్యోగి దాన్ని మరొకరి చెవిన వేయడానికి బదులు, ఫిర్యాదు రాయడంలో ఆమెకు తోడుండి, కమిటీ దాకా వెంట వెళ్లవచ్చు.